మానవ హక్కుల నివేదికను చదవడం – 4వ పాఠం: ‘అదృశ్యమయ్యారు’ అన్న మాట దగ్గర ఆగండి

గత పాఠంలో తేదీలను గమనించాం. ఈసారి క్రియాపదం. వ్యాకరణమేగా అని దాటేయకండి. ఈ పాఠాలన్నిటిలో నేను ఎక్కువ పట్టుబట్టి చెప్పేది ఇదే.

సిరియాను తీసుకుందాం. 2024 డిసెంబర్ 8న అధ్యక్షుడు బషర్ అల్ అసద్ దేశం విడిచి పారిపోయాడు. 1970 నుంచి సాగిన ఆ కుటుంబ పాలన కూలింది. డమాస్కస్ దగ్గరి సెద్నాయా జైలు తలుపులు తెరుచుకున్నాయి. తమవాళ్ల కోసం జనం అక్కడికి పరుగెత్తారు. నేల కింద రహస్య గదులున్నాయన్న ఆశతో గచ్చు పగలగొట్టారు. వైట్ హెల్మెట్స్ అనే సిరియా సహాయక బృందం వెతికి, అలాంటివి ఏవీ కనబడలేదని రెండు రోజుల తర్వాత ప్రకటించింది. ఇక మిగిలింది కాళ్ల కింద చెల్లాచెదురుగా పడిన కాగితాలు. అయినవాళ్ల పేరు కనబడుతుందేమోనని వాటినే ఒక్కొక్కటిగా తిరగేశారు.

ఇప్పుడు ఈ వాక్యం చదవండి: “సిరియాలో లక్షమందికి పైగా అదృశ్యమయ్యారు.” తమంతట తామే కనుమరుగైనట్టు లేదూ? “అదృశ్యం చేశారు” అని మార్చి చదవండి. “ఎవరు చేశారు?” అన్న ప్రశ్న వెంటనే లేస్తుంది.

ఐక్యరాజ్యసమితి 2006 ఒప్పందం ఈ నేరాన్ని ఇలా వివరిస్తుంది: ప్రభుత్వ మనుషులో, ప్రభుత్వ అండ ఉన్నవారో ఒకరిని నిర్బంధించి, ఆ తర్వాత ఆ సంగతి ఒప్పుకోకపోవడం, లేదా ఆ మనిషి ఏమయ్యాడో దాచడం. ఆ దాచడమే ఆయువుపట్టు. దాచినంతకాలం నేరం సాగుతూనే ఉంటుంది; పాలకుడు మారినంత మాత్రాన ముగిసిపోదు.

2018లో అసద్ ప్రభుత్వం పౌర రిజిస్టర్లలో ఎందరో ఖైదీలను మృతులుగా నమోదు చేసింది. చాలాచోట్ల కారణం గుండెపోటు అని రాశారు. మృతదేహాలు ఇవ్వలేదు. అలాంటి పేరును ‘అదృశ్యం’ జాబితా నుంచి ‘మృతుల’ జాబితాకు మార్చి ఊరుకోవచ్చా? నా దృష్టిలో కూడదు. ఎలా పోయాడో, ఎక్కడ పూడ్చారో ఇంట్లోవాళ్లకు ఎవరూ చెప్పలేదు.

కర్త దొరికాక, ఏ కర్తను వదిలేశారో కూడా చూడాలి. 2025 మేలో కొత్త ప్రభుత్వం పరివర్తన న్యాయ సంఘాన్ని, అంటే పాలన మారాక గత నేరాలపై నిజం తేల్చి న్యాయం చేసే సంఘాన్ని, ఏర్పాటు చేసింది. దాని పరిధి పాత ప్రభుత్వ నేరాలకే పరిమితం. సాయుధ ముఠాల చేతిలో బలైనవారి కుటుంబాలు ఏ గడప తొక్కాలి? హక్కుల సంఘాలు అభ్యంతరం చెప్పింది ఇక్కడే.

అభ్యాసం: “2025 మార్చిలో సిరియా తీరప్రాంతంలో 1,426 మంది మరణించారు, వారిలో ఎక్కువమంది అలావీలు.” ప్రభుత్వం నియమించిన విచారణ సంఘం ఆ జూలైలో చెప్పిన లెక్క ఇది. (అలావీలు సిరియాలో ఒక మైనారిటీ మత వర్గం; అసద్ కుటుంబం ఈ వర్గానిదే.) ‘మరణించారు’ తీసేసి ‘చంపారు’ అని రాయండి. కర్త స్థానం ఖాళీగా ఉంచి, దాన్ని నింపడానికి నివేదికలో ఇంకా ఏమేం వెతకాలో మూడు ప్రశ్నలు రాసుకోండి. 5వ పాఠాన్ని ఆ ప్రశ్నలతోనే మొదలుపెడదాం.