గ్రిల్‌లో బూడిద తీసేటప్పుడు

బొగ్గుల గ్రిల్ చల్లారినట్టే కనిపిస్తుంది, తీరా బూడిద తీసి చెత్తబుట్టలో వేశాక పొగ మొదలవుతుంది. నివురు గప్పిన నిప్పు అంటే అచ్చంగా ఇదే. బూడిద దుప్పటిలా కప్పేసి లోపలి వేడిని బయటికి పోనివ్వదు.

వంట అవగానే మూత పెట్టి, పైనా కిందా గాలి కంతలు పూర్తిగా మూసేయండి. 48 గంటలు కదిలించకండి. తర్వాత ఇనుప గరిటెతో అడుగు దాకా కలిపి చూడండి. పైన చల్లగానే ఉంటుంది, గోళీ అంత బొగ్గు ముక్క ఒక్కటి మధ్యలో ఎర్రగా మిగిలినా చాలు, చెత్తంతా అంటుకుంటుంది. వేడి ఏమాత్రం తగలకపోతే మందపాటి అల్యూమినియం ఫాయిల్‌లో పొట్లం కట్టి పారేయండి.

అంత ఆగలేకపోతే బూడిదను కొంచెం కొంచెంగా ఇనుప బకెట్‌లోకి తీసి, దూరంగా నిలబడి నీళ్లు పోస్తూ ముద్దయ్యేదాకా కలపండి. ప్లాస్టిక్ బకెట్, అట్టపెట్టె అస్సలు వద్దు. నీళ్లు నేరుగా వేడి గ్రిల్‌లో పోస్తే వేడి ఆవిరి మీదికి కొడుతుంది, రేకు వంకరపోతుంది.

గాలి కంతలు సరిగ్గా మూసుకోని పాత గ్రిల్ అయితే 48 గంటల లెక్క నమ్మకండి, తడిపే పారేయండి. లోపలి నిప్పు పూర్తిగా ఆరిపోయేదాకా బకెట్‌ను ఇంట్లోకి మాత్రం తేవద్దు, కనిపించని నిప్పు నుంచి కూడా కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు వస్తుంది.