అడవి పెరిగిందా తగ్గిందా? రిపోర్టు మీరే చూసి తేల్చుకోవడం ఎలా

డెహ్రాడూన్‌లో ఉన్న ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా వాళ్ళు 1987 నుంచి రెండేళ్లకోసారి అడవుల రిపోర్టు వదుల్తున్నారు, వెబ్‌సైట్లో పీడీఎఫ్ ఫ్రీనే. అది రాగానే వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే గోల, మా హయాంలో పెరిగింది మీ హయాంలో నరికేశారు అని, టేబుల్ తెరిచి చూసినోడు మాత్రం ఒక్కడూ కనపడడు. నిజానికి అది గంట పని.

ముందు మీ రాష్ట్రం చాప్టర్ తెరవండి. అందులో రెండు వేరే వేరే లెక్కలుంటాయి, కలిపేయకండి. ఒకటి రికార్డుల్లో అడవి అని రాసున్న భూమి, అక్కడ చెట్టున్నా లేకపోయినా సరే. రెండోది శాటిలైట్‌కి పచ్చగా కనపడేది. తెలంగాణ హరితహారం 2015లో మొదలైనప్పుడు 24 శాతాన్ని 33 చేస్తాం అన్నారు గుర్తుందా, ఆ 24 రికార్డు భూమి లెక్కకి సరిపోతుంది. 2021 రిపోర్టు ప్రకారం పచ్చగా కనపడింది 18.93 శాతమే.

పచ్చగా కనపడేదంతా మనం అనుకునే అడవి కూడా కాదు. హెక్టారుకి మించిన జాగా, పైనుంచి చూస్తే కనీసం 10 శాతం కొమ్మల నీడ ఉంటే చాలు, ఎవరిదైనా సరే లెక్కలోకి వస్తుంది. అంటే చిత్తూరు మామిడి తోట, ఖమ్మం వైపు జామాయిల్, సముద్రం ఒడ్డున సరుగుడు అన్నీ అడవే. జామాయిల్ కోతకొచ్చి నరికితే "అడవి తగ్గింది", మళ్ళీ చిగురేస్తే "పెరిగింది", ఆ మధ్యలో నల్లమలలో ఏం జరిగిందో ఈ నంబర్ చెప్పదు.

అందుకే మొత్తం అంకె దగ్గర ఆగకండి, దాని కింద విడగొట్టిన మూడు రకాలు చూడండి. నీడ 70 శాతం, ఆ పైన ఉంటే బాగా దట్టమైంది, 40 నుంచి 70 లోపు మధ్యరకం, 10 నుంచి 40 లోపు పల్చటిది. 10 లోపుది పొదల కింద రాస్తారు, అది అడవి మొత్తంలో కలవదు. ఇప్పుడు ఆంధ్ర సంగతి చూద్దాం. 2021 రిపోర్టులో 647 చదరపు కిలోమీటర్లు పెరిగి దేశంలోనే ఫస్ట్ అని హెడ్‌లైన్లు వచ్చాయి కదా. 2019 రిపోర్టు పక్కన పెట్టుకుని చూస్తే దట్టమైంది అప్పుడూ 1,994, ఇప్పుడూ 1,994. మధ్యరకం 13,938 నుంచి 13,929కి దిగింది. పల్చటిదేమో 13,205 నుంచి 13,861కి ఎక్కింది. పెరుగుదల మొత్తం పల్చటిదాంట్లోనే! తెలంగాణకి 632 పెరిగితే అందులో మధ్యరకం వాటా 332 ఉంది, దట్టమైంది 16 మాత్రమే. నా లెక్కలో తెలంగాణ పరిస్థితే కాస్త నయం, మొత్తం అంకెలో వెనకబడ్డా సరే.

తర్వాత మార్పుల పట్టిక అని ఒకటి ఉంటుంది, నాకైతే చాప్టర్ మొత్తంలో అదే ముఖ్యం. పోయినసారి దట్టంగా ఉన్నదాంట్లో ఎంత పల్చబడింది, ఎంత అసలు అడవే కాకుండా పోయింది, ఖాళీ జాగాలో ఎంత కొత్తగా పచ్చబడింది అని గడి గడికీ ఉంటుంది. ఒకచోట పాత అడవి పోయి ఇంకోచోట తోట వస్తే మొత్తంలో ఏ తేడా కనపడదు, ఇక్కడ మాత్రం దొరికిపోతుంది. రికార్డు అడవి లోపల ఎంత, బయట ఎంత అన్న లెక్క కూడా చూడండి, పెరిగిందంతా బయటే అయితే అది ఎక్కువగా రైతుల తోటల పుణ్యమే అనుకోవచ్చు.

తేదీలు జాగ్రత్త. 2021 రిపోర్టు 2022 జనవరిలో బయటికొచ్చింది, అందులో వాడిన శాటిలైట్ బొమ్మలు మాత్రం 2019 చివరివి. 2020లో నాటిన మొక్కకి ఆ క్రెడిట్ ఇచ్చేవాళ్ళని పట్టించుకోకండి.

ఇక మరీ పాత రిపోర్టులతో పోల్చాలంటే తలనొప్పే. మొదటి రిపోర్టుకి వాడిన బొమ్మల్లో ఒక్కో చుక్క దాదాపు 80 మీటర్లు, ఇప్పుడు 23.5 మీటర్లు, అప్పుడు కనపడని చిన్న ముక్కలు ఇప్పుడు లెక్కలోకి వస్తున్నాయి. పైగా 2014లో రాష్ట్రం విడిపోయింది, పోలవరం ముంపు మండలాలు ఖమ్మం నుంచి ఆంధ్రలోకి పోయాయి, తెలంగాణ పది జిల్లాలు 33 అయ్యాయి, 2022లో ఆంధ్ర 13 కాస్తా 26 అయ్యాయి. పాత ఖమ్మం, ఇప్పటి ఖమ్మం ఒకటి కాదు. జిల్లా పోలిక ఒకే సరిహద్దులున్న రిపోర్టుల మధ్యే చేయండి. 2023 రిపోర్టులో రెండు రాష్ట్రాలకీ తగ్గుదల చూపించారు, దాన్నీ ఇలాగే విప్పి చూడండి.

ఆఖర్న గూగుల్ ఎర్త్ ప్రోలో మీ ఊరి దగ్గరి గుట్ట వెతికి పాత సంవత్సరాల బొమ్మలు వెనక్కి జరిపి చూడండి. వరసలు వరసలుగా ఉంటే తోట, గజిబిజిగా చిన్నా పెద్దా తలకాయలుంటే అడవి. కాకపోతే అక్టోబర్ నుంచి డిసెంబర్ మధ్య బొమ్మలే తీసుకోండి, రిపోర్టుకి కూడా ఎక్కువగా అవే వాడతారు, ఎందుకంటే మన టేకు అడవులు ఎండాకాలం ఆకు రాల్చేసి బోడిగా ఉంటాయి. ఏప్రిల్ బొమ్మ పెట్టి మొత్తం నరికేశారు అని పోస్టు వేస్తే ఊళ్ళో మేకలు కాసేవాడు కూడా నవ్వుతాడు.