ఏడీహెచ్‌డీకి స్టిమ్యులెంట్ మొదలుపెడుతున్నారా? మొదటి నెలలో ఇవి చూసుకోండి

ఏడీహెచ్‌డీకి, అంటే ధ్యాస నిలవక, నిలకడగా ఉండలేక ఇబ్బంది పెట్టే సమస్యకి, డాక్టర్ స్టిమ్యులెంట్ రకం మందు (మెదడుని చురుకు చేసేది) రాసిచ్చారు, రేపు పొద్దున్నే మొదటి డోస్ వేసుకోవాలి, లోపల కొంచెం ఆశ కొంచెం బెరుకు, అలాంటివాళ్ల కోసం రాస్తున్నా ఇది. పిల్లలకి మొదలుపెడుతున్న అమ్మానాన్నలకి కూడా. నా ఉద్దేశంలో ఈ మందుతో అసలు జాగ్రత్త కావాల్సింది మొదటి నెలలోనే, ఎందుకంటే ఎవరికి ఏ డోస్ సరిపోతుందో ముందే చెప్పే టెస్ట్ ఏదీ లేదు, బరువు చూసి లెక్కకట్టేది కూడా కాదు, తక్కువతో మొదలుపెట్టి కొద్దికొద్దిగా పెంచుతూ చూసుకోవాల్సిందే. ఆ చూడటంలో సగం పని డాక్టర్‌ది, మిగతా సగం మనదే.

ముందు ఇది చేసే పనేంటో చెప్తా. ఈ మందుల్లో రెండే కుటుంబాలు. మిథైల్‌ఫెనిడేట్ ఒకటి, రిటాలిన్, కాన్సెర్టా ఇందులోవి. రెండోది ఆంఫెటమిన్, ఆడరాల్, వైవాన్స్ ఇందులోకి వస్తాయి. మెదడు కణాల మధ్య డోపమిన్, నోర్‌ఎపినెఫ్రిన్ అనే రసాయనాలు విడుదలై మళ్లీ వెనక్కి లోపలికి పోతుంటాయి కదా, మిథైల్‌ఫెనిడేట్ ఆ వెనక్కి పోవడాన్ని ఆపుతుంది, ఆంఫెటమిన్ అది చేస్తూనే ఇంకాస్త ఎక్కువగా బయటికి వచ్చేలా కూడా చేస్తుంది. దాంతో బోర్ కొట్టే పని దగ్గర కూడా కూర్చోవడం, మొదలుపెట్టినదాన్ని పూర్తి చేయడం కాస్త తేలికవుతుంది. ఒకటి పడకపోతే రెండోది పడొచ్చు, కాబట్టి మొదటి మందుతోనే నిరాశపడి వదిలేయొద్దు.

మాత్ర వేసుకునేలోపే డాక్టర్‌కి చెప్పాల్సినవి కొన్ని ఉన్నాయి, అడగలేదు కదా అని ఊరుకోవద్దు. పరిగెత్తినప్పుడో బరువు మోసినప్పుడో కళ్లు తిరిగి పడిపోయారా, ఛాతీలో నొప్పి వచ్చిందా, పుట్టుకతో గుండె సమస్య ఏమైనా ఉందా, ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా గుండె ఆగి చనిపోయారా అన్నవి. మామూలుగా ఈ మందుతో గుండె వేగం నిమిషానికి సగటున 3 నుంచి 6 సార్లు, బీపీ 2 నుంచి 4 పాయింట్ల దాకా పెరుగుతుంది, చాలామందికి ఇది పెద్ద విషయం కాదు, కానీ కొందరిలో అంతకన్నా బాగా ఎక్కువ పెరగొచ్చు, గుండె జబ్బు ఉన్నవాళ్లకి మాత్రం పెద్ద విషయమే. గ్లకోమా (కంటి నరం దెబ్బతినే జబ్బు), థైరాయిడ్ ఎక్కువగా ఉండటం, మీకో మీ ఇంట్లోవాళ్లకో బైపోలార్ (మూడ్ విపరీతంగా పైకీ కిందకీ పోయే జబ్బు) లేదా సైకోసిస్ (లేనివి ఉన్నట్టు అనిపించడం) ఉండటం, టిక్స్ (ఆపుకోలేకుండా వచ్చే కదలికలు, శబ్దాలు), ఇంతకుముందు దేనికైనా బానిస కావడం, ఇవన్నీ చెప్పాలి. సిగ్గుపడి దాచేది ఎక్కువగా ఆ చివరిదే, దయచేసి దాచకండి, అది తెలిస్తే డాక్టర్ వేరే రకం ఎంచుకుంటారు, లేదా అటోమోక్సిటిన్ లాంటి స్టిమ్యులెంట్ కాని మందు ఇస్తారు. ఎంఏఓ ఇన్హిబిటర్ రకం డిప్రెషన్ మందు వాడుతుంటే, లేదా ఆపి 14 రోజులు కాకపోతే, స్టిమ్యులెంట్ అసలు మొదలుపెట్టకూడదు. గర్భం ఉన్నా, పాలిస్తున్నా ముందే మాట్లాడుకోవాలి.

తర్వాత మీ చేతిలో ఉన్నది ఏ రకమో చూసుకోండి. షార్ట్ యాక్టింగ్ మిథైల్‌ఫెనిడేట్ 3 నుంచి 4 గంటలు పనిచేస్తుంది, లాంగ్ యాక్టింగ్‌వి రకాన్ని బట్టి 8 నుంచి 12 గంటలు, వైవాన్స్ అయితే ఇంకాస్త ఎక్కువే. లాంగ్ యాక్టింగ్ మాత్రని నమలడం, పొడి చేయడం, సగానికి విరవడం చేయొద్దు, రోజంతా మెల్లగా రావాల్సిన మందు ఒకేసారి ఒంట్లోకి వచ్చేస్తుంది. కొన్ని క్యాప్సూల్స్‌ని మాత్రం తెరిచి మెత్తటి తిండిలో కలుపుకోవచ్చు, మీది అలాంటిదో కాదో ఫార్మసీలో అడగండి, మీరే తేల్చుకోవద్దు. కాన్సెర్టా వేసుకునేవాళ్లకి మలంలో మాత్ర పైపెంకు కనిపిస్తుంది, మందు పని చేయలేదని కంగారు పడక్కర్లేదు, లోపలి మందు అప్పటికే వచ్చేసి ఉంటుంది.

ఇక మొదటి వారాల్లో అందరూ ఇబ్బంది పడేది ఆకలితో, నిద్రతో. మధ్యాహ్నానికి ఆకలే తెలీదు, సాయంత్రం మందు ప్రభావం దిగాక ఒక్కసారిగా వస్తుంది. అందుకే మాత్రకి ముందే కడుపు నిండా తినేయడం, మధ్యాహ్నం ఆకలి లేకపోయినా టైం చూసి కొంచెమైనా తినడం అలవాటు చేసుకోవాలి, నీళ్లు కూడా అంతే. చాలామంది సాయంత్రం చిరాకు, తలనొప్పి మందు వల్లే అనుకుంటారు, నిజంగా కొంత మందు దిగేటప్పుడు వచ్చేదే, కానీ రోజంతా ఏమీ తినకపోవడం దాన్ని రెట్టింపు చేస్తుంది. పిల్లల విషయంలో ఇది ఇంకా ముఖ్యం, ఆపకుండా వాడిన పిల్లల్లో మూడేళ్లలో ఎత్తు సుమారు 2 సెంటీమీటర్లు తక్కువ పెరిగినట్టు గమనించారు, కాబట్టి ఎత్తు, బరువు కొలిచి రాసిపెట్టుకోవాలి, తగ్గుతుంటే డాక్టర్‌కి చూపించాలి.

నిద్ర కోసం డోస్ పొద్దున్నే వేసుకోండి. మర్చిపోయి మధ్యాహ్నం దాటాక గుర్తొస్తే లాంగ్ యాక్టింగ్ మందు ఆ రోజుకి వదిలేయడమే మేలు, మర్నాడు రెండు కలిపి వేసుకోవడం మాత్రం ఎప్పుడూ వద్దు. కాఫీ, టీ, ఎనర్జీ డ్రింక్స్ మొదటి నెల బాగా తగ్గించండి, లేకపోతే గుండె దడ మందుదా కాఫీదా అని మీకూ తెలీదు డాక్టర్‌కీ తెలీదు. జలుబుకి వాడే ముక్కు దిబ్బడ మాత్రల్లో సూడోఎఫెడ్రిన్ ఉంటే అది కూడా బీపీ పెంచుతుంది. ఆల్కహాల్ వద్దు, ఎంత తాగామో తెలియకుండా పోతుంది పైగా కొన్ని లాంగ్ యాక్టింగ్ క్యాప్సూల్స్‌లో మందు ఒక్కసారిగా విడుదలైపోతుంది.

రోజూ రెండు నిమిషాలు ఒక నోట్స్ రాయండి, ఎన్నింటికి వేసుకున్నారు, ఎప్పుడు ఎక్కింది, ఎప్పుడు దిగింది, ఏ పని అయింది, ఏం తిన్నారు, ఎన్ని గంటలు పడుకున్నారు, బీపీ మెషిన్ ఉంటే ఆ నంబర్ కూడా. ఒక మాట గట్టిగా చెప్పాలి, మొదటి రోజు ఒంట్లో ఉత్సాహం పొంగినట్టు అనిపిస్తే అది మందు పనిచేయడం కాదు, తర్వాత ఆ ఫీలింగ్ తగ్గితే మందు ఆగిపోయినట్టూ కాదు, దాని కోసం డోస్ పెంచమని అడగొద్దు. చెయ్యాల్సిన పని జరుగుతోందా లేదా, అదొక్కటే కొలత. అలాగే మనిషి నవ్వకుండా మాట్లాడకుండా బొమ్మలా అయిపోతే, పిల్లాడు బుద్ధిగా కూర్చున్నాడు కదా అని మురిసిపోకండి, డోస్ ఎక్కువైందనడానికి అది గుర్తు కావచ్చు, వెంటనే డాక్టర్‌తో మాట్లాడండి.

ఛాతీ నొప్పి, ఊపిరి అందకపోవడం, స్పృహ తప్పడం, లేనివి కనిపించడం వినిపించడం, విపరీతమైన అనుమానాలు, చనిపోవాలనే ఆలోచనలు, మగవాళ్లలో గంటలు గడిచినా తగ్గని నొప్పితో కూడిన అంగస్తంభన, వీటిల్లో ఏది వచ్చినా తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగొద్దు, ఎమర్జెన్సీకి వెళ్లండి. వేళ్లు తెల్లగా నీలంగా మారి చల్లబడుతుంటే ఫోన్ చేసి చెప్పండి.

మాత్రలు తాళం వేసి పెట్టండి, లెక్క పెట్టుకోండి. పరీక్షలున్నాయి ఒక్కటివ్వమని ఫ్రెండ్ అడుగుతాడు, ఇవ్వొద్దు, అతని గుండె సంగతి మీకు తెలీదు, చాలా దేశాల్లో అది నేరం కూడా. వేరే దేశానికి వెళ్తుంటే ప్రిస్క్రిప్షన్, డాక్టర్ లెటర్, అసలు డబ్బాలోనే మందు పెట్టుకుని, ముందుగా ఆ దేశం రూల్స్ చూసుకోండి, జపాన్‌లోకి ఆడరాల్ ప్రిస్క్రిప్షన్ ఉన్నా తీసుకెళ్లడానికి వీల్లేదు. ఆపాలనిపిస్తే కూడా మీ అంతట మీరు ఆపకండి, ఎక్కువ డోస్ చాలాకాలం వాడి ఒక్కసారి మానేస్తే విపరీతమైన నీరసం, దిగులు వస్తాయి, డాక్టర్‌కి చెప్పి ఆపండి, నోట్స్ తీసుకెళ్తే ఎందుకు ఆపాలనుకుంటున్నారో రెండు నిమిషాల్లో చూపించొచ్చు.