బీగిల్ కుక్కలో లాఫోరా వ్యాధి: గుర్తించే తీరు, ఇంట్లో చేయవలసిన మార్పులు

విజయవాడ, గుంటూరు అపార్ట్‌మెంట్లలో పెంచుకోవడానికి బీగిల్‌ను ఎంచుకునేవారు, ఆ జాతికి వంశపారంపర్యంగా సంక్రమించే ఒక మెదడు జబ్బు గురించి ముందే తెలుసుకోవడం మంచిది. లాఫోరా వ్యాధి అనే ఈ జబ్బు బీగిల్‌తో పాటు గరుకు బొచ్చుండే చిన్న డాక్స్‌హుండ్‌లలోనూ, బాసెట్ హౌండ్‌లలోనూ కనిపిస్తుంది. ఇది అంటువ్యాధి కాదు, పూర్తిగా నయమయ్యేదీ కాదు. అయితే సాధారణంగా అయిదేళ్లు దాటాక బయటపడి, ఏళ్ల తరబడి నెమ్మదిగా ముదురుతుంది కాబట్టి, ఇంటివాళ్లు చేయగలిగింది చాలానే ఉంటుంది.

శరీరం తాను వాడుకోగా మిగిలిన పిండిపదార్థాన్ని గ్లైకోజెన్‌గా నిల్వ చేసుకుంటుంది. ఆ గ్లైకోజెన్ సరైన తీరులో ఏర్పడేలా చూసే ప్రోటీన్లలో మాలిన్ ఒకటి. దానికి సంబంధించిన జన్యువులో 12 డీఎన్ఏ అక్షరాల వరుస మామూలుగా రెండు మూడుసార్లే ఉండవలసింది అనేక రెట్లు పెరిగిపోవడమే కుక్కల్లో ఈ వ్యాధికి మూలమని 2005లో తేలింది. మాలిన్ లోపించినప్పుడు గ్లైకోజెన్ కరగని ముద్దలుగా మారి నాడీకణాల్లో పేరుకుంటుంది. మనుషుల్లో ఇలాంటి కణికలను 1911లో వర్ణించిన స్పెయిన్ వైద్యుడు గొన్సాలో లాఫోరా పేరే జబ్బుకు స్థిరపడింది.

మొదటి లక్షణం ఉలికిపాటు. వంటింట్లో కుక్కర్ విజిల్ వేసిన క్షణంలో, పక్కన ఎవరో దినపత్రిక పేజీ తిప్పినప్పుడు, లేదా ముఖం ముందుకు చెయ్యి హఠాత్తుగా వచ్చినప్పుడు కుక్క రెప్పలు టపటపా కొట్టుకుంటాయి, తల ఒక్కసారిగా వెనక్కి ఎగురుతుంది, ఒక్కోసారి ముందుకాళ్లు తూలి రెండడుగులు వెనక్కి పడుతుంది. స్పృహ మాత్రం తప్పదు. మరుక్షణం మీ వంకే చూస్తుంది. వయసు మీద పడి బెదురుతోందని సరిపెట్టుకోకుండా, అప్పుడు వెలుతురు ఎలా ఉంది, ఏ చప్పుడు అయింది అన్నది వినబడేలా, కనబడేలా ఫోన్‌లో వీడియో తీసి ఉంచాలి. వైద్యుడి దగ్గర బల్ల మీద నిలబెట్టినప్పుడు కుక్క ఉలిక్కిపడకపోవచ్చు కాబట్టి, నోటి మాటకన్నా ఆ వీడియోయే ఎక్కువ పనికొస్తుంది.

మన ప్రాంతంలో కుక్క కండరాలు అదురుతున్నాయంటే మొదట అనుమానించవలసింది డిస్టెంపర్ అనే వైరస్ జబ్బునే, ముఖ్యంగా టీకాలు సరిగా పడని కుక్కల్లో. డిస్టెంపర్ అదురు ఒక లయలో సాగుతూ, కుక్క నిద్రపోతున్నా ఆగకపోవచ్చు. లాఫోరా ఉలికిపాటు ఎక్కువగా వెలుతురుకో, చప్పుడుకో, కదలికకో వస్తుంది, చీకటిగా నిశ్శబ్దంగా ఉన్నచోట తగ్గుతుంది. బీగిల్‌కు మామూలు మూర్ఛ కూడా రావచ్చు కనుక తేల్చవలసింది వైద్యుడే. రక్తం లేదా చెంప లోపలి నమూనాతో చేసే జన్యుపరీక్ష దీనిని నిర్ధారిస్తుంది. అయితే ఒకేసారి అనేక జబ్బులు చూసే ప్యాకేజీ పరీక్ష చేయించేటప్పుడు అందులో లాఫోరా ఉన్నదో లేదో డబ్బు కట్టకముందే అడగాలి. ఎవరిని సంప్రదించాలో తోచనివారు గన్నవరంలోని ఎన్టీఆర్ పశువైద్య కళాశాలలో విచారించవచ్చు.

నిర్ధారణ అయ్యాక మందులకన్నా ముందు ఇంటిని చూసుకోవాలి. స్టార్టర్ పాడై మిణుకుమనే ట్యూబ్‌లైట్‌ను ఆ రోజే మార్చండి. లైటు కింద సీలింగ్ ఫ్యాను తిరుగుతూ గోడ మీద నీడలు పరిగెత్తిస్తుంటే కుక్క పడుకునే చోటును అక్కడి నుంచి జరపండి. పండుగలకు కట్టే సీరియల్ బల్బులను ఆరి వెలిగే పద్ధతిలో కాక నిలకడగా వెలిగేలా పెట్టండి. స్టీలు గిన్నె గచ్చు మీద జరిగినప్పుడల్లా చప్పుడు చేస్తుంది, పైగా మెరుస్తుంది. దాని బదులు బరువైన మట్టి మూకుడు పెడితే కుక్క నిమ్మళంగా తింటుంది. దగ్గరికి వెళ్లేటప్పుడు మెల్లగా పేరు పిలిచి, పక్క నుంచి వెళ్లాలి తప్ప తల మీదికి వంగకూడదు. చెట్ల వరుస మధ్య నుంచి కారు పోతున్నప్పుడు ఎండ, నీడ ముఖం మీద కొట్టుకుంటాయి కనుక కిటికీకి తెర వేయాలి. కుక్కలకు అమ్మే నల్ల కళ్లద్దాలు చూడటానికి వింతగా ఉన్నా నిజంగానే ఉపయోగపడతాయి. దీపావళికి, వినాయక నిమజ్జనం ఊరేగింపులకు లోపలి గదే శరణ్యం.

ఆహారం విషయంలో మనవాళ్లకు కష్టమైన మాట చెప్పక తప్పదు: పెరుగన్నం మానిపించాలి. అన్నం, ఇడ్లీ, బిస్కెట్లు, బెల్లం ముక్క అన్నీ పిండిపదార్థాలు, చక్కెరలే. ఈ జబ్బులో వాటిని వీలైనంత తగ్గించాలన్నది నిపుణుల సలహా. జబ్బు ఆగిపోతుందని కాదు, ఉలికిపాట్లు కొంత తగ్గవచ్చునని. ఉప్పు, కారం వేయకుండా ఉడికించిన తోలు లేని కోడిమాంసం, గుడ్డు, సొరకాయ, ఆకుకూరలు వారం పది రోజుల్లో మెల్లగా అలవాటు చేయండి. ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష దరిచేరనీయవద్దు. కేవలం మాంసం, కూరలతో కాల్షియం చాలదు కాబట్టి ఇంటి వంటే పెట్టదలిస్తే కొలతలు, సప్లిమెంట్లు వైద్యుడితో రాయించుకోవాలి. ధాన్యం లేదని రాసిన డ్రై ఫుడ్‌లో ఆలుగడ్డ, బఠాణీ పిండి ఉండవచ్చు. ఆ మాట చూసి మోసపోవద్దు.

లెవెటిరాసెటమ్, ఫెనోబార్బిటోన్ వంటి మందులు ఉలికిపాట్లను, ఫిట్స్‌ను తగ్గిస్తాయి. సొంతంగా మోతాదు మార్చకూడదు, హఠాత్తుగా ఆపనూ కూడదు. మనుషుల సిరప్ తెస్తే అందులో తీపి కోసం కలిపే జైలిటాల్ లేదని లేబుల్ చదివి నిర్ధారించుకోవాలి, ఎందుకంటే కుక్కలకు అది విషం. ఫిట్స్ వచ్చినప్పుడు నోట్లో వేళ్లు, గరిటె పెట్టడం ప్రమాదం. తాళంచెవులు తాకించడం వల్ల ఒరిగేదేమీ లేదు. చుట్టూ ఉన్న సామాను జరిపి సమయం చూడండి; అయిదు నిమిషాలు దాటితే, లేదా వెంటవెంటనే మళ్లీ వస్తే, వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. మే నెల ఎండల్లో వచ్చిన ఫిట్స్ ఒళ్లు మరింత వేడెక్కిస్తుంది కనుక దారిలో తడిగుడ్డతో తుడుస్తూ ఉండాలి.

కొత్తగా పిల్లను కొనేవారు, తమ కుక్కకు పిల్లలు పుట్టించాలనుకునేవారు పరీక్షను ముందే చేయించాలి. లోపమున్న జన్యువు తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండూ వస్తేనే జబ్బు వస్తుంది. ఒక్కటే ఉన్న కుక్క జీవితాంతం ఆరోగ్యంగా కనిపిస్తూ దానిని పిల్లలకు అందించగలదు. అలాంటివి రెండు కలిస్తే పుట్టే ప్రతి పిల్లకూ జబ్బు వచ్చే అవకాశం 25 శాతం. ఒకదానిని లోపం లేని కుక్కతో జత చేస్తే ఏ పిల్లకూ జబ్బు రాదు. లక్షణాలు బయటపడే వయసుకు ఒక మగకుక్క ఎన్నో ఈతలకు తండ్రి అయిపోయి ఉంటుంది, కాబట్టి ‘మా కుక్కకు ఏ రోగమూ లేదు’ అనే అమ్మకందారు మాటకు ఇక్కడ విలువ లేదు. కేసీఐ (కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా) కాగితం వంశాన్ని చెబుతుందే కానీ ఆరోగ్యానికి హామీ కాదు. తల్లిదండ్రులు రెండింటి జన్యుపరీక్ష రిపోర్టులూ అడిగి, వాటిలోని మైక్రోచిప్ నంబరును ఆ కుక్కల మెడ దగ్గర స్కానర్ పెట్టించి సరిచూసుకున్న తరువాతే అడ్వాన్సు ఇవ్వండి.