సొంతంగా కట్టుకున్న లినక్స్ బూట్ కాకపోతే: గ్రబ్ నుంచి ఇనిట్ దాకా

లినక్స్ ఫ్రమ్ స్క్రాచ్ పద్ధతిలో సోర్స్ నుంచి కట్టుకున్న సిస్టమ్ మొదటిసారే లేవకపోవడం మామూలే. అందుకని మొత్తం మళ్లీ కంపైల్ చేయక్కర్లేదు. ఎక్కడ ఆగిందో స్క్రీన్ మీది ఆఖరి పది లైన్లు చెబుతాయి కాబట్టి ముందు వాటిని ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. ఇక్కడ కమాండ్లు పలికే తీరులో రాశాం, టైప్ చేసేది మాత్రం ఇంగ్లిష్‌లోనే.

‘గ్రబ్ రెస్క్యూ’ అని ప్రాంప్ట్ వచ్చిందంటే గ్రబ్ (కెర్నల్‌ని లోడ్ చేసే బూట్‌లోడర్) తన మాడ్యూళ్లున్న ఫోల్డర్‌ని కనుక్కోలేకపోయింది. ‘ఎల్ఎస్’ కొడితే పార్టిషన్లు కనిపిస్తాయి. బ్రాకెట్లలో ఒక్కొక్కటీ ఇచ్చి, వెనక /బూట్/గ్రబ్ చేర్చి చూడండి. దొరికింది (హెచ్‌డీ0,జీపీటీ2)లో అనుకుందాం. అప్పుడు వరుసగా:

సెట్ రూట్=(హెచ్‌డీ0,జీపీటీ2)
సెట్ ప్రిఫిక్స్=(హెచ్‌డీ0,జీపీటీ2)/బూట్/గ్రబ్
ఇన్స్‌మాడ్ నార్మల్
నార్మల్

డిస్కుల లెక్క 0తో, పార్టిషన్ల లెక్క 1తో మొదలవుతుందని మరవకండి. ఇది ఈ ఒక్క బూట్‌కే పనికొస్తుంది. లోపలికి వెళ్లాక గ్రబ్-ఇన్‌స్టాల్ మళ్లీ నడపాలి. పాత బయోస్‌తో జీపీటీ డిస్క్ వాడుతుంటే 1 ఎంబీ బయోస్ బూట్ పార్టిషన్ ఉండాలి. దాన్ని ఫార్మాట్ చేయకూడదు.

ఉత్త ‘గ్రబ్’ ప్రాంప్టే వస్తే సాధారణంగా కాన్ఫిగ్ ఫైల్ దొరకలేదని అర్థం. ‘లినక్స్’ కమాండ్‌కి కెర్నల్ ఫైల్ దారీ, రూట్= విలువా (రూట్ ఫైల్‌సిస్టమ్ ఉన్న పార్టిషన్) ఇచ్చి ‘బూట్’ కొట్టండి. /బూట్‌కి వేరే పార్టిషన్ ఉంటే ఆ దారిలో /బూట్ రాయకూడదు. ‘ఫైల్ నాట్ ఫౌండ్’కి చాలాసార్లు కారణం ఇదే.

అసలు తలనొప్పి కెర్నల్ ప్యానిక్, అంటే కెర్నల్ ముందుకు సాగలేక ఆగిపోవడం: ‘వీఎఫ్ఎస్: అనేబుల్ టు మౌంట్ రూట్ ఎఫ్ఎస్ ఆన్ అన్‌నోన్-బ్లాక్’. చాలామంది ఈ లైన్ వెతికి, దొరికిన చిట్కాలన్నీ ప్రయోగిస్తారు. చూడాల్సింది చివరి బ్రాకెట్లోని రెండు అంకెలు.

అవి (0,0) అయితే మీరు చెప్పిన రూట్ డిస్క్ కెర్నల్‌కి కనబడలేదు. కాస్త పైన అందుబాటులో ఉన్న పార్టిషన్ల జాబితా వేస్తుంది. అందులో మీ డిస్క్ వేరే పేరుతో ఉంటే తప్పు రూట్= దగ్గరే. జాబితాలో అసలు లేకపోతే డ్రైవర్ లేదన్నమాట. లైవ్ యూఎస్‌బీతో బూట్ చేసి ‘ఎల్ఎస్‌పీసీఐ -కే’ కొడితే కంట్రోలర్‌కి ఏ డ్రైవర్ వాడుతోందో తెలుస్తుంది. కెర్నల్ మెనూకాన్ఫిగ్‌లో (కెర్నల్ ఆప్షన్లు ఎంచుకునే మెనూ) స్లాష్ నొక్కి దాన్ని వెతికి ఆన్ చేయండి. సాటా డిస్క్‌కి ఏహెచ్‌సీఐతోపాటు స్కజీ డిస్క్ సపోర్ట్ కూడా కావాలి. రెండోది మరిచిపోయేవాళ్లే ఎక్కువ. రూట్ యూఎస్‌బీ డిస్క్ మీద ఉంటే అది తేలేదాకా ఆగమని ‘రూట్‌వెయిట్’ చేర్చండి.

(8,2) లాంటిది వస్తే డిస్క్ దొరికింది: 8 అంటే ఎస్‌డీ డిస్కులు, 2 అంటే మొదటి డిస్క్‌లో రెండో పార్టిషన్. ఎన్‌వీఎంఈ అయితే మొదటి అంకె 259. ఇక అనుమానించాల్సింది ఫైల్‌సిస్టమ్‌ని. ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్ (అసలు రూట్ మౌంటయ్యే ముందు మెమరీలో నడిచే చిన్న ఫైల్‌సిస్టమ్) లేని కెర్నల్‌లో ఎక్స్‌ట్4 పక్కన ‘ఎం’ (విడి మాడ్యూల్) ఉంటే ఆ మాడ్యూల్ ఉండేది ఇంకా మౌంట్ కాని రూట్‌లోనే. ఇంక దాన్ని తెచ్చేదెవరు? అక్కడ నక్షత్రం గుర్తు (కెర్నల్‌లోనే కలిసి ఉండడం) పడాలి. డిస్క్ డ్రైవర్లకీ ఇదే నియమం.

ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్ లేకుండా రూట్=యూయూఐడీ= అని రాసినా (0,0) ప్యానికే వస్తుంది. ఫైల్‌సిస్టమ్ యూయూఐడీని (దాని గుర్తింపు సంఖ్యని) వెతికే పని ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్‌ది, కెర్నల్‌ది కాదు. కెర్నల్‌కి పార్ట్‌యూయూఐడీ (పార్టిషన్ గుర్తింపు సంఖ్య) అర్థమవుతుంది. బీఎల్‌కే‌ఐడీ రెండూ చూపిస్తుంది, రెండోదే తీసుకోండి.

రూట్ మౌంటయ్యాక కెర్నల్ మొదట నడిపే ప్రోగ్రామే ఇనిట్. ‘నో వర్కింగ్ ఇనిట్ ఫౌండ్’ అంటే ఇనిట్=/బిన్/బ్యాష్ ఇచ్చి చూడండి. బ్యాష్ వస్తే లోపం ఇనిట్ ప్రోగ్రామ్‌లో ఉంది. బ్యాష్ కూడా రాకపోతే /లిబ్64లో డైనమిక్ లోడర్ (ప్రోగ్రామ్‌కి షేర్డ్ లైబ్రరీలు జోడించేది) ఉందో లేదో చూడండి. అది లేకపోతే ఎదురుగా ఉన్న ప్రోగ్రామ్‌ని కూడా ‘దొరకలేదు’ అనే అంటుంది. ‘అటెంప్టెడ్ టు కిల్ ఇనిట్’ పక్కన ఎగ్జిట్‌కోడ్ 0ఎక్స్00007ఎఫ్00 కనిపిస్తే 7ఎఫ్ అంటే 127: ఎక్కువగా ఏదో షేర్డ్ లైబ్రరీ దొరకలేదని. లైవ్ యూఎస్‌బీ నుంచి క్రూట్‌తో (మౌంట్ చేసిన మీ సిస్టమ్‌నే రూట్‌గా తీసుకునే కమాండ్) లోపలికి వెళ్లి, ‘ఎల్‌డీడీ’తో ఆ లైబ్రరీ ఏదన్నది పట్టుకోవచ్చు. అన్నట్టు, ఇనిట్‌గా నడిచే బ్యాష్‌లో ‘ఎగ్జిట్’ కొట్టకండి, అదీ ప్యానికే. ‘సింక్’ చేసి ‘రీబూట్ -ఎఫ్’ కొట్టండి.

ఒక్క లైనూ రాకుండా స్క్రీన్ నల్లగా ఉండిపోతే కెర్నల్ నడుస్తూనే ఉండొచ్చు. సింపుల్‌డీఆర్ఎం, ఫ్రేమ్‌బఫర్ కన్సోల్ రెండూ కెర్నల్‌లోనే ఉన్నాయా చూడండి. యూఈఎఫ్ఐ మెషీన్‌లో ‘ఎర్లీకాన్=ఎఫీఎఫ్‌బీ’ చేర్చి, ‘క్వయట్’ తీసేస్తే మొదటి లైన్లు బయటపడతాయి.

కాన్ఫిగ్ మార్చి కంపైల్ చేశాక బీజడ్‌ఇమేజ్‌ని (కంపైలైన కెర్నల్ ఫైల్‌ని) /బూట్‌లోకి కాపీ చేయడం మరిస్తే పాత కెర్నలే లేచి పాత లోపమే చూపిస్తుంది. బూట్ మెసేజ్‌ల మొదట్లో ‘లినక్స్ వెర్షన్’ లైన్ చివర బిల్డ్ నంబరూ, కంపైల్ తేదీ, టైమూ ఉంటాయి. ఇందాకటి కంపైల్ టైమ్ అక్కడ లేకపోతే కాన్ఫిగ్‌ని తిట్టుకోవద్దు, కాపీ చేయండి.