రాత్రి పూట మూడు మంచి సంగతులు రాసుకోవడం ఎలా?

కావాల్సినవి ఒక నోటుబుక్కు, ఒక పెన్ను. ఫోన్లో రాయొద్దు. వాట్సాప్ తెరిచామంటే ఆ రాత్రికి ఇక రాసినట్టే. తేదీలు అచ్చేసిన డైరీ కూడా వద్దు, నాలుగు ఖాళీ పేజీలు కనబడగానే మానేస్తారు. అన్నం తిని, గిన్నెలు సర్దాక కూర్చోండి. కొందరు పొద్దున్నే రాస్తామంటారు. పొద్దున రాసేది కోరికల చిట్టానే అవుతుంది.

1. ఆ రోజు జరిగిన మూడు మంచి సంగతులు రాయండి. చిన్నవైనా సరే. సర్వపిండి మాడకుండా వచ్చింది, మిర్యాలగూడ బస్సు దొరికింది, నల్లా నీళ్లు టైముకు వచ్చినయ్. అంతే.

2. ఒక్కోదాని కింద అది ఎందుకు జరిగిందో రాయండి. అందరూ చెడగొట్టేది ఇక్కడే.

"దేవుడి దయ" అని రాసి మూసేస్తారు. దేవుడిని నమ్మండి, కాదనను. కానీ ఆ దయ ఎవరి చేతుల మీదుగా వచ్చిందో కూడా రాయాలి. బస్సు ఎట్లా దొరికింది? ఉరికొస్తుంటే కండక్టర్ చూసి బండి ఆపించిండు. నీళ్లెట్లా వచ్చినయ్? నల్గొండ జిల్లా మర్రిగూడ వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంగిపోయిన పెద్దమనుషులున్న ఇంట్లో, నల్లా తిప్పితే కృష్ణా నీళ్లు రావడం ఉత్తగా జరగలేదు. ఏళ్ల తరబడి ధర్నాల్లో కూర్చున్నోళ్లున్నారు, పైపు పగిలితే వచ్చి అతికేసిపోయినోళ్లున్నారు. వాళ్లను రాయండి.

రెండో తప్పు, "మనకన్నా కష్టంలో ఉన్నోళ్లు లేరా" అని రాసుకోవడం. పక్క చేను ఎండిందని మన చేనుకు నీళ్లు పారవు. ఈ వాక్యం కనబడితే నేనైతే కొట్టేయిస్తా.

మూడోది, హక్కుగా రావాల్సినదానికి మొక్కడం. కూలి డబ్బులిచ్చినందుకు మేస్త్రికి కృతజ్ఞత అక్కర్లేదు. పని చేశారు, ఇచ్చిండు. ఇవ్వకపోతే అడగాలి. మిట్టమధ్యాహ్నం ఎండలో తన నీళ్ల సీసా మీ చేతికిచ్చిండా, అది రాయండి.

2005లో అమెరికా మనస్తత్వవేత్త మార్టిన్ సెలిగ్‌మన్ బృందం వారం పాటు కొందరితో ఇట్లాగే రాయిస్తే, ఆరు నెలల తర్వాత కూడా వాళ్లలో దిగులు తగ్గి కనిపించింది. మనోళ్లు అందులో "మూడు మంచి సంగతులు" అన్న ముక్కనే ఫార్వర్డ్ చేసుకుంటారు. కారణాలు కూడా రాయించారన్నది ఎవరికీ పట్టదు.

ఏమీ తోచని రోజు ఒక్కటే రాయండి, లేదా తేదీ వేసి పడుకోండి. అబద్ధం మాత్రం రాయొద్దు. నిద్రా ఆకలీ పోయి వారాలు గడుస్తుంటే ఈ పుస్తకం పక్కన పెట్టి డాక్టరు దగ్గరకు పోవాలి. మనసు బాగోలేనోళ్ల కోసం ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, పైసా ఖర్చు లేదు.

3. చివరన "రేపు" అని మొదలుపెట్టి ఒక్క వాక్యం. "అంతా మంచే జరుగుతుంది" కాదు, మీ చేతులతో చేసే పని కావాలి. 2017లో మహబూబ్‌నగర్ దగ్గరి పిల్లలమర్రి అనే మర్రిచెట్టు పెద్ద కొమ్మ విరిగి పడ్డాక, చెదలు చంపడానికి సెలైన్ సీసాల్లా మందు సీసాలు వేలాడదీసి చుక్కచుక్కగా ఎక్కించారు. వందల ఏళ్ల చెట్టుకు! ఆశ అంటే నా లెక్కలో అట్లాంటి పనే. "రేపు బత్తాయి మొక్కకు పాదు తీస్తా" అన్నా చాలు.

4. వారానికొకసారి, పుస్తకంలో ఉన్న ఒకరికి ఆ సంగతి చెప్పండి. గులాబీ పువ్వు బొమ్మ పంపడం లెక్కలోకి రాదు. ఎదురుగా చెప్పండి, లేదా ఫోన్ చేయండి. ఇంట్లోవాళ్లకు ఉత్త థాంక్స్ చెబితే ఒంట్లో బాగుందా అని అడుగుతారు, అందుకే వాళ్లు చేసిన పనే చెప్పాలి: "అక్కా, మొన్న పిల్లగాన్ని బడి నుంచి తోలుకొచ్చినవు, నా డ్యూటీ నిలబడ్డది." "గదేం పెద్ద పని" అని కొట్టిపారేస్తుంది. సాగదీయకుండా ఛాయ్ తాగి వచ్చేయండి.