ఉద్యోగం చేస్తూ ఎంబీఏ కోర్ సబ్జెక్టులు ఎలా చదవాలి?

భీమవరంలో బ్యాంకు పని ముగించుకునో, తణుకులో రైస్ మిల్లు లెక్కలు కట్టేసో, అమలాపురంలో ఎరువుల దుకాణానికి తాళం వేసో రాత్రి ఎనిమిదింటికి పుస్తకం తెరిచేవారికి పార్ట్‌టైమ్ ఎంబీఏలో మొదటి చిక్కు సబ్జెక్టుల వరుస దగ్గరే వస్తుంది. అకౌంటింగ్, స్టాటిస్టిక్స్, మేనేజీరియల్ ఎకనామిక్స్, మార్కెటింగ్, ఫైనాన్స్, ఆపరేషన్స్, ఆర్గనైజేషనల్ బిహేవియర్ (సంస్థలో మనుషుల ప్రవర్తన), స్ట్రాటజీ: పేర్లు కాస్త అటూ ఇటూ అయినా దాదాపు అన్నిచోట్లా కోర్ సబ్జెక్టులు ఇవే.

వరుసను ఎంచుకునే వీలుంటే ముందుగా అకౌంటింగ్, స్టాటిస్టిక్స్ తీసుకోవాలి. మొదటిది రాకుండా ఫైనాన్స్, రెండోది రాకుండా ఆపరేషన్స్, మార్కెట్ పరిశోధన ఒంటబట్టవు. మిగిలినవన్నీ చదివాకగానీ స్ట్రాటజీకి అర్థం ఉండదు. పేర్లు నమోదు చేసుకునే ముందు మీ ఉద్యోగపు పంచాంగాన్ని కూడా పక్కన పెట్టుకోండి. బ్యాంకు ఉద్యోగికి మార్చి నెలాఖరు, మిల్లు గుమస్తాకు దాళ్వా (రబీ వరి) కోతల కాలం ఊపిరాడనివ్వవు కాబట్టి, ఆ నెలలు పడే సెమిస్టర్‌లో రెండు లెక్కల సబ్జెక్టులను జత చేయకూడదు.

అకౌంటింగ్‌ను మీరు పనిచేసే సంస్థ పద్దులతోనే మొదలుపెట్టడం మేలు. మిల్లు ఒక లారీ బియ్యాన్ని 45 రోజుల అరువు మీద అమ్మిందనుకుందాం. ధాన్యం సొమ్ము రైతులకు వారంలోగా చెల్లించాలి. లాభనష్టాల పట్టికలో అమ్మిన రోజే లాభం కనిపిస్తుంది, గల్లాపెట్టె మాత్రం నెలన్నర ఖాళీగానే ఉంటుంది. ఈ ఒక్క లారీని లాభనష్టాల పట్టికలో, ఆస్తి అప్పుల పట్టికలో, నగదు ప్రవాహ పట్టికలో ఎక్కడెక్కడ రాయాలో కాగితం మీద చేసి చూస్తే, డెబిట్ క్రెడిట్ల బెరుకు చాలావరకు పోతుంది.

అందరూ భయపడే స్టాటిస్టిక్స్‌కే ఎక్కువ సాయంత్రాలు కేటాయించాలని నా అభిప్రాయం. డెల్టాలో పుట్టినవారికి దాని పాఠం రొయ్యల చెరువు గట్టు మీదే ఉంది. 40 కౌంట్ అంటే కిలోకు 40 రొయ్యలు, అంటే ఒక్కోటి సగటున 25 గ్రాములు. ఒక చెరువులో సగం రొయ్యలు 20 గ్రాములు, సగం 30 గ్రాములు ఉన్నా సగటు 25 గ్రాములే వస్తుంది, కౌంటూ 40 అనే చెబుతాం. కానీ ఆ చెరువులో 40 కౌంట్ రొయ్య ఒక్కటి కూడా లేదు. సగటు పక్కనే ప్రామాణిక విచలనాన్ని (అంకెలు సగటుకు ఎంత అటూ ఇటూ చెదిరి ఉన్నాయో చెప్పే కొలతను) ఎందుకు అడుగుతారో దీంతో తేలిపోతుంది. ఇక మేత చల్లే చోట మాత్రమే విసురు వల వేసి బరువు చూస్తే, ఆ నమూనా చెరువంతటికీ ప్రాతినిధ్యం వహించదు. చెరువులో వేర్వేరు చోట్ల యాదృచ్ఛికంగా నమూనాలు తీసుకున్నా, అంచనాలో పొరపాటును సగానికి తగ్గించాలంటే నమూనాను నాలుగు రెట్లు పెంచాలి. సూత్రాన్ని బట్టీ పట్టే ముందు ఇలాంటి లెక్క ఒకటి స్వయంగా చేయండి.

ఎకనామిక్స్, మార్కెటింగ్ పాఠాలను ఒకే ఉదాహరణతో కలిపి చదవవచ్చు. పూతరేకుల దుకాణానికి అద్దె, జీతాలు కలిపి నెలకు 60,000 రూపాయల స్థిర వ్యయం ఉందనుకుందాం. పెట్టె ధర 200, అందులో నెయ్యి, బెల్లం, రేకులు, ప్యాకింగ్ ఖర్చు 140. పెట్టెకు 60 మిగులుతుంది కాబట్టి 1,000 పెట్టెలు అమ్మితే ఖర్చులు వెళ్లిపోతాయి. పండుగకు 10 శాతం తగ్గింపు ఇస్తే మిగిలేది 40 మాత్రమే. అప్పుడు 1,500 పెట్టెలు అమ్మాలి. పదిశాతమే కదా అని బోర్డు కట్టే యజమానికి ఈ లెక్క చూపించి చూడండి!

ఆపరేషన్స్‌లో ముందుగా పట్టుకోవలసింది 1961లో జాన్ లిటిల్ నిరూపించిన సూత్రం: వచ్చే వేగాన్ని ఒక్కోటి లోపల ఉండే సగటు సమయంతో గుణిస్తే, లోపల సగటున ఎన్ని ఉంటాయో తెలుస్తుంది. గంటకు నాలుగు లారీల చొప్పున మిల్లుకు వస్తూ, ఒక్కోటి సగటున మూడు గంటలు ఉండిపోతే, ఆవరణలో సగటున 12 లారీలు నిలిచి ఉంటాయి. స్థలం చాలడం లేదని గోడ జరిపే ముందు, కాటా దగ్గర ఆలస్యాన్ని తగ్గించవచ్చేమో ఆలోచించాలి.

ఆర్గనైజేషనల్ బిహేవియర్‌ను రాజమహేంద్రవరం వెళ్లే బస్సులో కూడా చదువుకోవచ్చు. తేలిక అనుకుని పరీక్షలో సొంత అభిప్రాయాలు రాసేస్తే మాత్రం మార్కులు రావు. సిద్ధాంతం పేరు, దాని షరతులు, తర్వాత మీ కార్యాలయంలో చూసిన సంఘటన, ఈ క్రమంలో జవాబు రాయాలి.

అసైన్‌మెంట్లలో సంస్థ అంకెలు వాడేముందు యజమాని అనుమతి తీసుకోండి. అనుమతి దొరికినా పేరు తీసేసి, ధరలను, ఖర్చులను ఒకే నిష్పత్తిలో మార్చి రాస్తే లాభాల శాతం చెడదు, మిల్లు గుట్టూ బయటపడదు.